సంతకం దగ్గరే ఆగిపోతున్న సంబంధం

ప్రోగ్రెస్ కార్డు వచ్చిన సాయంత్రం చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. అమ్మ చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వస్తుంది, లేదా నాన్న పని దిగి వచ్చి కూర్చుంటాడు. కార్డు నిండా ఎఫ్‌ఏ-1, ఎఫ్‌ఏ-2, ఎస్‌ఏ-1 అని గళ్లు, వాటిలో అంకెలు, పక్కన గ్రేడు, కింద హాజరు శాతం. అట్టడుగున తల్లి లేదా తండ్రి లేదా సంరక్షకుల సంతకానికి ఒక గీత. ఆ గీత మీద సంతకమో వేలిముద్రో పడుతుంది. మర్నాడు కార్డు బడికి తిరిగిపోతుంది. తెలుగులో బి2 వచ్చిందంటే పిల్ల కథల పుస్తకం చదవగలదా, వాక్యం దగ్గరే తడబడుతోందా? లెక్కల్లో సి1 అంటే రాని​ది తీసివేతలా, భాగహారమా? ఇంట్లో ఎవరు ఏం చేస్తే ఆ లోటు తీరుతుంది? వీటికి కార్డులో జవాబు ఉండదు. చూశామని ఒప్పుకోవడం తప్ప ఇంటివాళ్లను ఆ కార్డు అడిగేది ఏమీ లేదు.

పిల్లల చదువులో ఇల్లూ బడీ చేయి కలపాలన్న మాటను ఎవరూ కాదనరు. చట్టంలో ఉంది, 2020 జాతీయ విద్యా విధానంలో ఉంది, ప్రతి హెడ్మాస్టరు ప్రసంగంలోనూ ఉంటుంది. అయితే చేయి కలపడమంటే ఏమిటి? అందులో చదువును నిజంగా ముందుకు నడిపేది ఏది, ఒకరోజు సందడితో అయిపోయేది ఏది? ఈ ప్రశ్న మీద అరవై ఏళ్లుగా ప్రపంచంలో చాలా పని జరిగింది. మన నేల మీద జరిగినదీ తక్కువేం కాదు. అదంతా దగ్గర పెట్టుకుని చూస్తే నాకు అర్థమైంది ఇది: పిల్లవాడికి ఏం వచ్చో, ఏం రాదో ఇంటివాళ్లకు తెలిసే మాటల్లో బడి చెప్పిన చోట ఫలితం కనిపించింది. ఇంటి దగ్గరున్న తెలివిని బడి లెక్కలోకి తీసుకున్న చోట కనిపించింది. కమిటీలు, సభలు, ఖాతాల్లో పడే డబ్బు వాటంతట అవే ఆ పని చేసిన దాఖలా దొరకదు.

బడికీ ఇంటికీ మధ్య ఈ దూరం ఎప్పుడూ ఇలాగే లేదు. వీధిబడి రోజుల్లో పంతుల్ని నిలబెట్టింది ఊరే. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లాల్లోని దేశీయ బడుల వివరాలు పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక వాటిలో పేరున్నది. నేటి అనంతపురం ప్రాంతం కూడా అప్పట్లో బళ్లారి జిల్లాలోదే. జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు అని ఆయన లెక్క తేల్చాడు. చాలావరకు తెలుగు, కన్నడ బడులు. పంతులుకు ఇచ్చుకునేది పిల్లల ఇళ్లవాళ్లే. కాబట్టి పిల్లవాడు ఎంతవరకు వచ్చాడో పంతులు చెప్పక తప్పదు, ఇంటివాళ్లు అడగకా తప్పదు. ఆ కాలాన్ని స్వర్ణయుగం చేసి చెప్పుకోనక్కర్లేదు. జిల్లా మొత్తం మీద చదువుకునే ఆడపిల్లలు నూరుమంది కూడా లేరు. మధ్యతరగతి, కింది తరగతి ఇళ్లవాళ్లు చదువు ఖర్చు భరించలేకపోతున్నారనీ, లేత వయసు నుంచే పిల్లల కష్టం ఆ ఇళ్లకు అవసరమవుతోందనీ క్యాంప్‌బెలే రాశాడు. రెండు వందల ఏళ్ల కిందటి ఆ వాక్యం ఈనాటి వలస కుటుంబాలకూ సరిపోతుంది. తర్వాత ఇన్‌స్పెక్టర్లు, గ్రాంట్లు, సర్కారు బడులు వచ్చాయి. చదువు మరింతమందికి అందింది. టీచరు జవాబు చెప్పుకోవాల్సింది మాత్రం పైఅధికారికైంది. ఊరు పక్కకు జరిగింది.

ఇంటి ప్రభావం ఎంతటిదన్నది ఆధునిక పరిశోధనలో పెద్ద చర్చగా మారింది 1966లో. అమెరికాలో జేమ్స్ కోల్‌మన్ నాయకత్వంలో సుమారు ఆరు లక్షల మంది విద్యార్థుల మీద జరిగిన సర్వే, మార్కుల్లో తేడాలకు బడి వసతుల కంటే కుటుంబ నేపథ్యమే ఎక్కువ కారణమని తేల్చింది. మరుసటి ఏడాది ఇంగ్లండులో ప్లౌడెన్ కమిటీ తన నివేదికలో తల్లిదండ్రుల భాగస్వామ్యానికి ఒక అధ్యాయమే కేటాయించింది. కోల్‌మన్ మాటను చాలామంది తప్పుదారిలో వాడుకున్నారు. ఇంటి పరిస్థితే అంతా అయినప్పుడు బడి చేయగలిగిందేముందని చేతులు దులుపుకోవడానికి అది పనికొచ్చింది. మన స్టాఫ్ రూముల్లో ‘వీళ్ల ఇళ్లలో చదువుకునే వాతావరణం ఎక్కడిది సార్’ అన్న మాట వినిపించినప్పుడల్లా ఆ ధోరణే గుర్తొస్తుంది.

దానికి ఆచరణలో జవాబు చెప్పినవాడు జేమ్స్ కోమర్. పిల్లల మానసిక వైద్యుడు, నల్లజాతివాడు. ఇళ్లలో పనిచేసిన ఆయన తల్లికి బడి చదువు పెద్దగా లేదు, అయినా పిల్లలందరినీ కాలేజీ చదువులు చదివించింది. 1968లో అమెరికాలోని న్యూ హేవెన్ పట్టణంలో, పేద నల్లజాతి పిల్లలు చదివే రెండు బడుల్లో ఆయన పని మొదలుపెట్టాడు. బడిని నడిపే బృందంలో టీచర్లతో పాటు తల్లిదండ్రులను కూర్చోబెట్టాడు. మొదటి ఏడాది గందరగోళం, కోపతాపాలు. నిలదొక్కుకున్నాక హాజరు పెరిగింది, అల్లరి తగ్గింది, మార్కులు మెరుగయ్యాయి. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జాయిస్ ఎప్స్టైన్ ఈ భాగస్వామ్యాన్ని ఆరు రకాలుగా విడదీసి చూపింది: పిల్లల పెంపకానికి తోడ్పాటు, సమాచారం ఇచ్చిపుచ్చుకోవడం, బడిలో స్వచ్ఛందంగా పనిచేయడం, ఇంట్లో చదివించడం, నిర్ణయాల్లో పాలు, ఊరితో కలిసి నడవడం. ప్రపంచంలో చాలా ప్రభుత్వాలు ఈ పట్టికనే వాడుకుంటున్నాయి. పట్టికగా బాగానే ఉంటుంది. ఆరింటికీ ఒకే బరువు లేదన్న సంగతి మాత్రం అందులో కనబడదు.

అన్నెట్ లారో పని నాకు మరింత పదునుగా అనిపిస్తుంది. ఈ సామాజిక శాస్త్రవేత్త 1989లో వెలువరించిన పుస్తకంలో రెండు బడులను పోల్చింది, ఒకటి కార్మికుల పిల్లలది, రెండోది కలవారి పిల్లలది. రెండుచోట్లా తల్లిదండ్రులు పిల్లలు బాగా చదవాలనే కోరుకున్నారు. డాక్టరుకు వైద్యం వదిలేసినట్టు కార్మిక కుటుంబాలు చదువును టీచరుకు వదిలేశాయి, అది గౌరవంతో చేసిన పని. బడి దాన్ని అశ్రద్ధ కింద జమకట్టింది. కలవారు టీచరుతో వాదించారు, తరగతి మార్పించుకున్నారు. అదేమో శ్రద్ధ అనిపించుకుంది. ‘మీరే చూసుకోవాలి సార్, నాలుగు దెబ్బలేసైనా సరే దారిలో పెట్టండి’ అని చేతులు జోడించే తండ్రి మన ప్రతి బడి గేటు దగ్గరా ఉంటాడు. ఆ మాటలో ఉన్న నమ్మకం ఎంత పెద్దదో, దాన్ని అందుకుని ‘ఇంట్లో మీరు చేయగలిగింది ఇదీ’ అని చెప్పే బడులు ఎంత తక్కువో చూస్తే బాధ కలుగుతుంది.

పేద తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదన్న అపోహ మన దగ్గర చాలాకాలం రాజ్యమేలింది. 1996లో హిందీ రాష్ట్రాల పల్లెల్లో తిరిగి, 1999లో వెలువడిన ప్రోబ్ నివేదిక దాన్ని కూలదోసింది. మగపిల్లలు చదవడం ముఖ్యమన్నవారు 98 శాతం, ఆడపిల్లలు చదవడం ముఖ్యమన్నవారు 89 శాతం. అంతకుముందే, 1991 నుంచే, రంగారెడ్డి జిల్లాలో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ ఆ సంగతిని చేతల్లో చూపడం మొదలుపెట్టింది. శాంతా సిన్హా నడిపిన ఆ ఉద్యమం, బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్న సూత్రం మీద నడిచింది. జీతాలకు కుదిరిన పిల్లలను విడిపించి, క్యాంపుల్లో చదువు చెప్పి, ఈడుకు తగ్గ తరగతిలో చేర్చారు. ఇంటి ఆదాయం తగ్గుతుందని తెలిసీ తల్లిదండ్రులు పిల్లల్ని పంపారు. పుట్టిన తేదీ పత్రం, టీసీ, అడ్మిషన్ గడువు లాంటి చిన్న చిన్న ఆటంకాల దగ్గర తోడు నిలిచేవాళ్లు దొరకడమే వాళ్లకు కావలసింది. శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా బడి మానిన పిల్ల గురించి అడిగితే ‘తల్లిదండ్రులకు అవగాహన లేదు’ అనే జవాబు రిజిస్టర్లలో దొరుకుతూనే ఉంది.

ఇక కమిటీలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1998లోనే పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యానికి చట్టం చేసి, తల్లిదండ్రులు ఎన్నుకునే విద్యా కమిటీలు తెచ్చింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ దేశమంతటా పాఠశాల యాజమాన్య కమిటీలను తప్పనిసరి చేసింది. సభ్యుల్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, మొత్తంలో సగం మహిళలు. బడి పనితీరును చూడటం, అభివృద్ధి ప్రణాళిక రాయడం, గ్రాంట్ల ఖర్చును పరిశీలించడం వాళ్ల బాధ్యత. కాగితం మీద ఇంతకంటే గొప్ప అధికారం తల్లిదండ్రులకు ఎవరూ ఇవ్వలేదు.

ఆచరణలో ఏమవుతుందో చూడటానికి ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, ప్రథమ్ సంస్థకు చెందిన రుక్మిణి బెనర్జీ మరికొందరితో కలిసి 280 గ్రామాల్లో చేసిన పని అది. మొదట చూస్తే, ఊళ్లో విద్యా కమిటీ ఉందన్న సంగతే చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. కమిటీ సభ్యుల్లోనే కొందరికి తాము సభ్యులమని తెలియదు. కొన్ని ఊళ్లలో సభలు పెట్టి కమిటీ అధికారాలేమిటో చెప్పారు. మరికొన్నింటిలో దానికి తోడు, ఊరివాళ్ల చేతనే పిల్లల చదివే శక్తిని పరీక్షింపజేసి ఫలితాలు సభ ముందు పెట్టారు. ఇంకొన్నింటిలో ఇవన్నీ చేస్తూనే ఊరి యువకులకు చదవడం నేర్పే సులువైన పద్ధతిలో కొద్దిరోజుల శిక్షణ ఇచ్చి, బడి వేళ దాటాక శిబిరాలు నడపమన్నారు. మొదటి రెండు రకాల ఊళ్లలో కమిటీ కదల్లేదు, టీచరు మారలేదు, పిల్లల చదువు మారలేదు. మూడో రకం ఊళ్లలో శిబిరాలకు వచ్చిన పిల్లలు గట్టిగా ముందుకు పోయారు, అక్షరాలు రానివాళ్లు అక్షరాలు గుర్తుపట్టసాగారు.

2010లో అచ్చయిన ఈ ఫలితాన్ని కమిటీలు దండగ అనడానికి వాడితే పొరపాటు. అధికారాన్ని కాగితం మీద అప్పగించి, దాన్ని ఎలా వాడాలో, వాడితే తమ పిల్లకు ఒరిగేదేమిటో చెప్పకపోతే ఎవరూ కదలరన్నదే అది చెప్పేది. ఊరివాళ్ల చేతికి చేయదగ్గ పని ఇస్తే చేశారు. మన రెండు రాష్ట్రాల అనుభవమూ దీనికి దగ్గరగానే ఉంది. 2019 నవంబరు 14న మొదలైన నాడు-నేడు పథకంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల మరమ్మతుల డబ్బును తల్లిదండ్రుల కమిటీల చేతుల మీదుగా ఖర్చు పెట్టించింది. తెలంగాణలో 2024లో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు స్వయం సహాయక సంఘాల మహిళలతో అదే తరహా పనులు చేయించాయి. సిమెంటు బస్తాలు లెక్కపెట్టమంటే తల్లులు లెక్కపెట్టారు. మరుగుదొడ్డికి నీళ్లు వస్తున్నాయా అని రోజూ చూశారు. మా మూడో తరగతిలో ఎంతమంది పిల్లలు చదవగలుగుతున్నారు అన్న ప్రశ్న ఆ కమిటీల ఎజెండాలోకి ఎప్పుడో గానీ రాదు. ఆ తల్లులకు ఆ పని చేతకాదని కాదు, దాన్ని వాళ్ల ముందు ఎవరూ పెట్టలేదు.

పెడితే ఎలా ఉంటుందో చూడాలంటే అసర్ సర్వే జరిగే తీరు చూడాలి. 2005 నుంచి ప్రథమ్ నడుపుతున్న ఈ సర్వే బడికి వెళ్లదు, ఇంటికి వెళుతుంది. సర్వేకొచ్చిన కుర్రాడో అమ్మాయో అరుగు మీద కూర్చుని ఒక కాగితం విప్పుతారు. దాని మీద కొన్ని అక్షరాలు, కొన్ని తేలిక మాటలు, ఒక చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ ఒకటి, అంతే. పిల్లను చదవమంటారు. పేరా దగ్గర ఆగితే మాటలకు వస్తారు, అక్కడా ఆగితే అక్షరాలకు. చుట్టూ పక్కింటివాళ్లు చేరతారు. అయిదో తరగతి చదువుతున్న పిల్ల కథలో రెండో వాక్యం దగ్గర వేలు పెట్టి ఆగిపోవడం తల్లి తన కళ్లతో చూస్తుంది. ఆమెకు చదువు రాకపోయినా పిల్ల ఆగిన చోటు తెలుస్తుంది. అన్నేళ్ల ప్రోగ్రెస్ కార్డులు చెప్పని సంగతి రెండు నిమిషాల్లో తేటతెల్లమవుతుంది. 2024 అసర్ ప్రకారం గ్రామీణ భారతంలో అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు సగం కంటే కొంచెం తక్కువే. ఆ అంకె పత్రికల్లో ఒకరోజు వార్త. ఆ కాగితమే ప్రతి బడిలోనూ ఏడాదికి నాలుగుసార్లు, తల్లినో తండ్రినో పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తే ఎంత మేలు జరుగుతుందో!

సమాచారమే మందు అని తొందరపడటానికి జౌన్‌పూర్ అడ్డొస్తుంది కదా అని అడగవచ్చు. తేడా ఎక్కడంటే, సమాచారం ఎవరి గురించి, ఎవరికి అందింది అన్న దగ్గర. ఊరి పిల్లలందరి సగటు సభలో చదివితే అది ఎవరి బాధ్యతా కాలేదు. పాకిస్తాన్ పంజాబులో 112 గ్రామాల్లో తాహిర్ అంద్రాబీ, జిష్ణు దాస్, అసిమ్ ఖ్వాజా చేసిన అధ్యయనంలో సగం ఊళ్లలో ప్రతి ఇంటికీ వాళ్ల పిల్లల మార్కులు, ఆ ఊళ్లోని అన్ని బడుల సగటులు రాసిన కార్డులు ఇచ్చారు. పిల్లల మార్కులు పెరిగాయి, ప్రైవేటు బడుల ఫీజులు 17 శాతం తగ్గాయి. మలావీలో రెబెకా డిజాన్-రాస్ చూసింది ఇంకా సున్నితమైన విషయం. తమ పిల్లల స్థాయి గురించి తల్లిదండ్రుల అంచనా చాలా తప్పుగా ఉంది, పేద ఇళ్లలో మరీను. సరైన సంగతి తెలియగానే పిల్లవాడి స్థాయికి తగ్గ పుస్తకం ఎంచుకున్నారు. చిలీలో పేద పిల్లల బడుల నుంచి హాజరు, మార్కుల వివరాలు క్రమం తప్పకుండా ఎస్సెమ్మెస్‌గా ఇంటికి పంపితే హాజరూ మార్కులూ రెండూ మెరుగయ్యాయి. ఇవేవీ డబ్బుతో కూడిన పనులు కావు. ప్రతి బడికీ, ప్రతి తరగతికీ వాట్సాప్ గ్రూపు ఉన్న కాలం మనది. అందులో వచ్చేవి సెలవు ప్రకటనలు, ఫీజు గడువులు, జెండా వందనం ఫోటోలు. ‘మీ బాబు ఈ వారం రెండంకెల తీసివేతలు నేర్చుకున్నాడు, అప్పు తీసుకునే దగ్గర తడబడుతున్నాడు’ అన్న ఒక్క మాట ఆ ఇంటికే విడిగా వెళితే ఆ ఫోన్ వేరే పనికొస్తుంది.

ఇంటి దగ్గర హోంవర్క్ చేయించడం సంగతి చూద్దాం. బడులు తల్లిదండ్రుల నుంచి ఎక్కువగా ఆశించేది దీన్నే. ఫలితం తక్కువగా కనిపించేదీ దీంట్లోనే. మిడిల్ స్కూలు పిల్లల మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను 2009లో నాన్సీ హిల్, డయానా టైసన్ కలిపి చూశారు. హోంవర్క్‌లో సాయానికీ చదువుకూ ఉన్న సంబంధం నిలకడగా లేదు. చదువు ఎందుకో మాట్లాడటం, ముందుముందు ఏం చేద్దామనుకుంటున్నావని అడగడం, చదివినదాన్ని బతుకుతో ముడిపెట్టడం అన్నిటికంటే బలంగా పనిచేశాయి. 2014లో కీత్ రాబిన్సన్, ఏంజెల్ హ్యారిస్ అమెరికా లెక్కలు తిరగేసి దాదాపు అదే మాట ఇంకా ఘాటుగా చెప్పారు. ఈ ఫలితాలు మన తల్లులకు గొప్ప ఊరట కావాలి. అక్షరం రాని తల్లి హోంవర్క్ చేయించలేదు. ‘ఇవ్వాళ బడిలో ఏం చెప్పారు, నాకూ చెప్పు’ అని రొట్టెలు చేస్తూ అడగగలదు. పిల్ల చెబుతుంటే వినగలదు. పొద్దున్నే లేపి పంపగలదు. బడి దీన్ని తక్కువ పని కింద చూడటం వల్లనే, ఇంట్లో చెప్పేవాళ్లు లేరని ఒకటో తరగతి నుంచే ట్యూషన్‌కు పంపే అలవాటు పల్లెల దాకా పాకింది.

తల్లులకే చదువు నేర్పితే? బీహార్, రాజస్థాన్ పల్లెల్లో రుక్మిణి బెనర్జీ, జేమ్స్ బెర్రీ, మార్క్ షాట్‌ల్యాండ్ చేసిన ప్రయోగం 2017లో అచ్చయింది. కొందరు తల్లులకు అక్షరాస్యత తరగతులు, కొందరికి పిల్లలతో ఇంట్లో చేయదగిన పనులు, కొందరికి రెండూ. తల్లుల నేర్పు పెరిగింది, పిల్లల చదువులో వాళ్ల పాలు పెరిగింది. పిల్లల లెక్కల్లో మెరుగుదల కనిపించింది గానీ కొంచెమే. తల్లి ఎంత చేసినా బడి చేయాల్సింది బడే చేయాలని దాన్ని నేను చదువుకుంటాను. బడులు మూతపడిన 2020లో బోట్స్‌వానాలో నోమ్ ఆంగ్రిస్ట్ బృందం 4,500 ఇళ్లతో చేసిన పని ఆ రెండు చేతులూ ఎలా కలుస్తాయో చూపింది. కొన్ని ఇళ్లకు లెక్కల ఎస్సెమ్మెస్‌లు మాత్రమే పంపారు, పెద్దగా లాభం లేకపోయింది. మరికొన్ని ఇళ్లకు వాటితో పాటు బోధకులు వారానికోసారి తల్లికో తండ్రికో ఫోన్ చేసి, పిల్లవాణ్ణి పక్కన పెట్టుకుని ఇరవై నిమిషాలు లెక్క చేయించారు. ఆ పిల్లలు స్పష్టంగా ముందుకు వచ్చారు. తమ పిల్లవాడికి ఎంత వచ్చో ఆ ఇళ్లవాళ్లూ మరింత సరిగా చెప్పగలిగారు.

ఇల్లు బడిని ఎంత శ్రద్ధగా గమనిస్తుందో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఒక అధ్యయనం పట్టుకుంది. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు నోటు పుస్తకాలు, రాత సామగ్రి వంటివాటికి అదనపు గ్రాంటు ఇచ్చారు. ఎదురుచూడని మొదటి ఏడాది పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడాది గ్రాంటు వస్తుందని ముందే తెలిసిన ఇళ్లు తమ చదువు ఖర్చును ఆ మేరకు తగ్గించుకుని వేరే అవసరాలకు మళ్లించాయి. మార్కుల్లో పెరుగుదల మాయమైంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్, జిష్ణు దాస్ తదితరులు 2013లో వెలువరించిన ఈ పరిశోధనను పథకాలు రాసే ప్రతి అధికారీ చదవాలి. ఇచ్చింది తీసుకుని ఊరుకునే చోటు కాదు ఇల్లు. పైసా పైసా లెక్క వేసుకుని బడితో పాటే నిర్ణయాలు తీసుకుంటుంది. ముందుగా మాట్లాడుకుంటే ఆ నిర్ణయాలు పిల్ల వైపు మొగ్గుతాయి.

ఈ వెలుగులో తల్లుల ఖాతాలకు వెళ్లే డబ్బును చూడాలి. 2020 జనవరి 9న చిత్తూరులో మొదలైన అమ్మఒడి పథకం తల్లికి ఏడాదికి 15,000 రూపాయలు ప్రకటించింది. తర్వాత 75 శాతం హాజరు నిబంధనను అమలు చేశారు. 2025 జూన్‌లో వచ్చిన తల్లికి వందనం ఇంట్లో చదివే ప్రతి పిల్లకూ వర్తించింది, 15,000లో 2,000 బడి నిర్వహణకు మినహాయించారు. పేద ఇంటికి ఆ డబ్బు అవసరం, దాన్ని చులకన చేసే హక్కు ఎవరికీ లేదు. యూనిఫాం కుట్టుకూలి, బస్సు ఛార్జీ, ఒక నెల సరుకులు అందులోంచే వస్తాయి. అయితే డబ్బు పిల్లను బడి గేటు దాకా తెస్తుంది. లోపల ఏం నేర్చుకుందో తల్లికి చెప్పే ఏర్పాటు దానికి జతచేసి ఉంటే అంత డబ్బుకు ఇంకెంతో బలం వచ్చేది.

తల్లిదండ్రుల మెగా సమావేశాలు ఆ దిశలో ఒక అడుగే. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2016 జులై 30న ఒకేసారి జరిగిన సమావేశం దేశానికి ఒక నమూనా చూపింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న ప్రభుత్వ బడులన్నిటిలో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది, 2025 జులై 10న మళ్లీ జరిగింది. ముగ్గుల పోటీలు, తాడు లాగుడు, అందరికీ కలిసి భోజనం. బడి గడప తొక్కడానికి జంకే తండ్రి, తన పిల్ల కూర్చునే బెంచీ మీద కూర్చుని అన్నం తిన్నాడంటే అది చిన్న సంగతి కాదు. ఆ జంకు పోవడమే ఎన్నో మార్పులకు మొదలు. అయితే అంత సందడిలో టీచరు ఒక్కొక్క తల్లితో మాట్లాడింది ఎంతసేపు? అక్కడే నా అసంతృప్తి.

భాష సంగతి ఇంకా లోతైనది. ఇంటి భాషే బడిలో వినబడకపోతే తల్లి ఏ మాటతో భాగం పంచుకుంటుంది? ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో, 240 బడుల్లో మొదలైన బహుభాషా విద్య దానికి జవాబు వెతికింది. గోండి, కోయ, కొలామీ, సవర, కువి, కొండ, లంబాడీ, ఆదివాసీ ఒరియా. పుస్తకాలకు కథలు, పాటలు, పంటల పేర్లు, పండుగల వివరాలు ఊరి పెద్దల దగ్గర సేకరించారు. అమెరికాలో టూసాన్ పట్టణంలో లూయిస్ మోల్, నార్మా గొంజాలెజ్ 1992లో రాసినదీ ఇదే తోవ. టీచర్లు మెక్సికన్ కుటుంబాల ఇళ్లకు నేర్చుకోవడానికి వెళ్లారు. మెక్సికో నుంచి మిఠాయిలు తెచ్చి అమ్మే ఒక పిల్లవాడి వ్యాపారం చూసి టీచరు తరగతిలో మిఠాయిల పాఠమే నడిపింది. ఒక తల్లి బడికి వచ్చి మిఠాయి చేసి చూపింది. మన దగ్గర చేనేత మగ్గం ఉన్న ఇల్లు పోగుల లెక్కతో గుణకారం నేర్పగలదు. విత్తనాలు, ఎరువు మోతాదు లెక్క కౌలు రైతు రోజూ వేసేదే. ఇవి తరగతి గదిలోకి రావడానికి జీవో అక్కర్లేదు.

ఇంగ్లిష్ మీడియం వచ్చాక ఈ సమస్య గిరిజన గూడేల నుంచి ప్రతి ఊరికీ పాకింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి, తెలంగాణలో 2022-23 నుంచి ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగుగా ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. పిల్లల కోసం అనుకున్న ఆ తెలుగు పేజీ పదో తరగతి తప్పిన తల్లికీ పనికొస్తుంది. ఎదుటి పేజీ మీరు చదివించండమ్మా అని ఆమెకు చెప్పే టీచరు కావాలి.

ప్రైవేటు బడుల గురించి ఒక మాట చెప్పకపోతే ఈ సమీక్ష సగమే అవుతుంది. తెలంగాణలో బడిపిల్లల్లో సగానికి తక్కువ కాకుండా అక్కడే ఉన్నారు. విద్యాహక్కు చట్టంలోని 21వ సెక్షన్ ప్రభుత్వ సాయం పొందని ప్రైవేటు బడులకు వర్తించదు. ఫీజు కట్టే చోట తల్లిదండ్రుల మాట ఎలాగూ చెల్లుతుందని చట్టం రాసినవాళ్లు అనుకున్నారేమో గానీ, జరిగింది అది కాదు. తల్లిదండ్రులు అడిగేది ర్యాంకు, బడి చూపేది ర్యాంకు. ఆంధ్రప్రదేశ్‌లోనే 180 గ్రామాల్లో లాటరీ ద్వారా ప్రైవేటు బడుల్లో సీట్లిచ్చి నాలుగేళ్లు గమనించిన అధ్యయనంలో తెలుగు, లెక్కల్లో ప్రభుత్వ బడుల పిల్లలకూ వాళ్లకూ తేడా కనిపించలేదు, హిందీలో మాత్రం వాళ్లు ముందున్నారు. ఆ ఇళ్లకు ఈ సంగతి చెప్పేవాళ్లెవరు? రెసిడెన్షియల్ కాలేజీల్లో పరిస్థితి ఇంకా కఠినం. ఆదివారం గేటు దగ్గర క్యారేజీతో నిలబడే తల్లిదండ్రులకు పిల్ల ముఖం చూడటమే దక్కుతుంది. ఆమె నిద్ర, ఆమె భయం, ఆమెకు అర్థంకాని పాఠం వీటి గురించి లెక్చరరుతో కూర్చుని మాట్లాడే వేళంటూ చాలాచోట్ల ఉండదు. పత్తికొండ, ఆదోని, పాలమూరు వైపు నుంచి వలసపోయే ఇళ్లవాళ్లకు, పిల్లను సీజనల్ హాస్టల్లో వదిలి నెలల తరబడి దూరాన ఉండేవాళ్లకు ఫోన్ తప్ప దారి లేదు. బోట్స్‌వానా ఫోన్ పాఠం అసలు అవసరం ఇక్కడే.

తేల్చాల్సింది టీచరు సమయం గురించి. ముప్ఫై మంది ఉన్న తరగతిలో ఒక్కో ఇంటికి పది నిమిషాలంటే అయిదు గంటలు. దాన్ని ఒక్క పూట సభలో సర్దలేం. మూడు సాయంత్రాలు, కూలిపని ముగిసి ఇంటికి చేరే ఆరు గంటల తర్వాత, రోజుకు పది మంది. ముందు రోజే ఎవరు ఎప్పుడు రావాలో చెప్పాలి. రాలేనివాళ్లకు ఫోన్. పిల్ల పక్కనే ఉండాలి, ఒక పేరా చదవాలి, ఒక లెక్క చేయాలి. ఆ మూడు సాయంత్రాలను టీచరు పనిగంటల్లో లెక్కగట్టి, బదులుగా పగటిపూట వెసులుబాటు ఇవ్వాలి. యాప్‌లలో ఫోటోలు ఎక్కించే పని ఆ నెలకు తీసేసినా ఆ గంటలు దొరుకుతాయి. విద్యా శాఖ అకడమిక్ క్యాలెండర్‌లో పరీక్షల తేదీలు, సెలవుల తేదీలు అచ్చవుతాయి. ప్రతి టర్మ్‌లో ఈ మూడు సాయంత్రాలూ అందులో అచ్చవ్వాలి. ప్రోగ్రెస్ కార్డులో సంతకం గీత పైన, పిల్ల ఇప్పుడు ఏం చదవగలదో, వచ్చే టర్మ్‌కి ఏం నేర్చుకోవాలో తెలుగులో రాయడానికి రెండు వరుసలు కావాలి.